పల్లీ చట్నీకి భయపడుతూ భద్రాచలం దాకా

భద్రాచలం వెళ్ళివచ్చినవారు సాధారణంగా గోదావరిని గురించి చెబుతారు, లేకపోతే గుడిని గురించి, దుమ్ముగూడెం దారిలో కమ్ముకునే అడవిని గురించి చెబుతారు. నేను చట్నీలను గురించి చెప్పక తప్పదు. మధిర నుంచి ఆ అడవి అంచు దాకా సాగిన ప్రయాణంలో బస్సు కిటికీలోంచి నేను చూసింది తక్కువ. హోటళ్ళ బల్లల మీది గిన్నెల్లోకి తొంగిచూసింది ఎక్కువ. ఇంత భయంతో చట్నీలను చూసిన యాత్రికురాలు ఆ దారిలో మరొకరు ఉండి ఉండరని నా అనుమానం. అనుమానమే, నిరూపించలేను.

నా పక్క సీటులో కూర్చున్నది మా అక్క కూతురు హారిక. ఆమెకు వేరుశెనగ పడదు. ఈ వాక్యాన్ని రాసిన వెంటనే కొట్టివేయాలనిపిస్తున్నది, ఎందుకంటే ‘పడదు’ అనే మాటకు ఇక్కడి సంగతిని మోసే బలం లేదు. ఒక్క పల్లీ బద్ద నోట్లోకి వెళ్ళినా ఆమె పెదవులు ఉబ్బుతాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, గొంతు లోపల వాచి ఊపిరి దారి మూసుకుపోవడం మొదలవుతుంది. చిన్నతనంలో ఒకసారి పెళ్ళి విందులో ఆమెను పోగొట్టుకోబోయాం. అప్పటినుంచి మా రెండిళ్ళలోనూ ఆ గింజ లేదు.

ఇటీవల ఆమెకు పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం వచ్చింది. వేసిన చోటు దుమ్ముగూడెం దాటాక అడవిని ఆనుకుని ఉన్న ఒక ఊరు. పొద్దున, రాత్రి గదిలో వండుకోవచ్చు. చుట్టుపక్కల గూడేలు తిరిగే మనిషికి మధ్యాహ్నం మాత్రం అక్కడున్న ఒకే ఒక్క హోటలే దిక్కు. మా అక్క నన్ను పిలిచి తేల్చి చెప్పింది: “నువ్వు వెంట వెళ్ళి తిని చూడు. అక్కడ బతకగలదంటే చేరుతుంది, లేదంటే మానేస్తుంది. నీ మాటే ఆఖరు.” హారిక కూడా ఒప్పుకున్నది, కాస్త ఆలస్యంగా.

నేను హైదరాబాదులో ఒక ఆహార పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తాను. డబ్బా మీద రాసిన ప్రతి మాటనూ నమ్మకపోవడమే నా ఉద్యోగం. సంచిలో ఆహారంలోని వేరుశెనగను పట్టే పరీక్ష పట్టీలు, ఊపిరి దారి మూసుకుపోతే పొడవడానికి వైద్యుడు రాసిచ్చిన ఎడ్రినలిన్ మందు, సూది సర్దుకుని బయలుదేరాను.

ఖమ్మం: నాలుగు గిన్నెలు

ఖమ్మం బస్టాండు దగ్గరి టిఫిన్ సెంటరులో చట్నీలన్నీ ఒకే పిడికి వేలాడే నాలుగు స్టీలు గిన్నెల్లో ఊరేగుతాయి. ఒకదానిలో పల్లీ చట్నీ, ఒకదానిలో అల్లం చట్నీ, మూడోదానిలో సాంబారు, నాలుగోదానిలో నెయ్యితో తడిపిన కారప్పొడి. వడ్డించే మనిషి వాటిని బల్లల మధ్య తిప్పుతూ అడగకుండానే పళ్ళెంలో పోస్తాడు. చూడటానికి ఎంతో సొగసైన ఏర్పాటు. నాలుగింటికీ గరిటె ఒక్కటే కావడం మాత్రం వెంటనే నా కంటపడింది. పల్లీ చట్నీలో మునిగిన గరిటె అల్లం చట్నీలోకి, అక్కడినుంచి కారంలోకి ప్రయాణిస్తున్నది. ఆ నాలుగు గిన్నెలూ నా లెక్కలో ఒకే గిన్నె.

హారికను మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆమెకు ఇంటినుంచి తెచ్చిన డబ్బా ఇచ్చి, నేను దూరంగా ఇంకో బల్ల దగ్గర తిన్నాను. తిన్న తరువాత చేతులూ నోరూ కడుక్కుని ఆమె దగ్గరకు వెళ్ళాలి. అది మా నియమం. దానితోపాటు హారిక పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. నేను తిన్న ప్రతి చట్నీ రుచీ ఆమెకు చెప్పాలి. చిన్నప్పటినుంచి ఇతరుల పళ్ళేల్లోకి చూస్తూ పెరిగిన పిల్ల. చట్నీ రంగును బట్టి దానిలో మిరపకాయ ఎండుదో పచ్చిదో, తాలింపు ముందు వేశారో వెనుక వేశారో చెప్పగలదు. రుచి ఒక్కటే తెలియదు.

పల్లీ చట్నీ ఎట్లా ఉందని అడిగింది. వేయించిన గింజలోని నూనె చింతపండు పులుపును అణిచిందని, ఉప్పు కొంచెం ముందుకు వచ్చిందని చెప్పాను.

“రిపోర్టు వద్దు పిన్నీ, రుచి చెప్పు.”

ఈసారి వేడి ఇడ్లీకి చల్లటి దుప్పటి కప్పినట్టుందని చెప్పాను. ఆమెకు అది నచ్చింది. అల్లం చట్నీని గురించి అడిగితే, బెల్లం పెట్టి బుజ్జగిస్తూనే చెవి మెలిపెట్టే మేనత్తలా ఉందన్నాను. నెయ్యి కారాన్ని గురించి చెప్పబోతుంటే దగ్గు వచ్చింది. అదే దాని వర్ణన అని ఆమె తీర్పు చెప్పింది.

ఆ తరువాత కారప్పొడిని పరీక్షించాను. పొడిని ద్రావకంలో కలిపి పట్టీని ముంచి, గీత కోసం ఎదురుచూస్తుంటే చుట్టూ నలుగురు చేరారు. పక్క బల్ల దగ్గరి పెద్దావిడ పట్టీని చూసింది, హారికను చూసింది, గొంతు తగ్గించి నన్ను ఎన్నో నెల అని అడిగింది. నీళ్ళు తాగుతున్న హారికకు పొలమారింది. ఇది ఆ పరీక్ష కాదని, పల్లీల కోసమని నేను వివరించేసరికి పెద్దావిడ కాస్త నిరాశపడ్డట్టే కనిపించింది.

పట్టీ మీద వేరుశెనగ గీత రాలేదు. ఆ పొడి తీసుకున్న గిన్నెలోకే గరిటె తిరిగి తిరిగి వస్తున్నది కనుక నేను దాన్ని నమ్మలేదు. ఈ పట్టీలతో ఒక చిక్కు ఉంది: వేరుశెనగ మరీ తక్కువైతే గీత రాదు, మరీ ఎక్కువైనా రాదు. అందుకని అదే పొడిని బాగా పలచన చేసి రెండోసారి చూశాను. ఈసారి గీత స్పష్టంగా వచ్చింది. కారంలోనే పల్లీలు దంచి కలిపారు. వడ్డించే మనిషిని అడిగితే, రుచి కోసమని ఒప్పుకుని, పిల్లకు ఎలర్జీ అని విని తేలిగ్గా తీసుకున్నాడు.

“దురద లేస్తదా మేడం? మా తమ్మునికి వంకాయ గంతే. గోలీ ఏస్కుంటే తగ్గుతది.”

కొత్తగూడెం బస్సులో పులిహోర

ఖమ్మం దాటాక మా ముందు సీటులోకి ఒక జంట వచ్చింది. ఆయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. వారికి కొత్తగూడెంలో పని చూసుకుని భద్రాచలం వెళ్ళాలి. ఆమె ఎక్కిన కాసేపటికే వెనక్కి తిరిగి హారిక ఊరు, చదువు, ఉద్యోగం అన్నీ తెలుసుకున్నది. ఏన్కూరు దాటాక పులిహోర డబ్బా తెరిచింది. దాని నిండా వేయించిన పల్లీలు.

మధిర వైపు పులిహోరలో పచ్చిశెనగపప్పు ముందుంటుంది. పల్లీలు వేసినా అతిథుల్లా నాలుగు. ఇక్కడ అవే ఇంటివాళ్ళు. ఆమె మూతలో ఇంత పెట్టి హారిక ముందుకు చాచింది. హారిక వద్దన్నది. ఆ వద్దును ఆమె వినలేదు. వినలేదనడం సరి కాదు. విన్నది, కానీ లెక్కలోకి తీసుకోలేదు. మనలో మొదటి ‘వద్దు’ మర్యాద, రెండోది మొహమాటం, మూడోది వస్తే తప్ప నిజంగా వద్దని ఎవరూ అనుకోరు. నేను కూడా అంతే. మా ఇంటికి వచ్చినవాళ్ళు చేతులు అడ్డం పెట్టినా పక్కనుంచి వడ్డించినదాన్నే. ఇన్నేళ్ళుగా మర్యాద అనుకున్నది ఆ మూతలో మా వైపు వస్తుంటే, ఈసారి నేనే చేయి అడ్డం పెట్టాను.

“నాకు పల్లీలు పడవండీ,” అన్నది హారిక.

“ఏరి పక్కకు పెట్టు బిడ్డా. పల్లీలు నాకియ్యి, నేను తింట.”

ఏరితే పోదని, అన్నానికి అంటిన పొడి చాలునని నేను చెప్పాను. ఆమె మూతను వెనక్కి తీసుకున్నది కానీ ముఖం చిన్నబోయింది. తన చేతి వంటను నేను అనుమానించినట్టు ఆమెకు తోచింది. ఆమె భర్త మాత్రం కిటికీ తెరిచి, పులిహోర తిన్న చేయి బయటపెట్టి కడుక్కున్నాడు.

పాల్వంచ బస్టాండులో ఒక హోటలు ముందు ‘స్వచ్ఛమైన గానుగ నూనెతో’ అనే బోర్డు చూసి నేను హారిక చేయి పట్టుకుని వెనుదిరిగాను. ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన వేరుశెనగ నూనెలో మాంసకృత్తులు దాదాపు మిగలవు. గానుగ నూనెలో మిగులుతాయి, హారికకు పడనివి అవే. ఆ స్వచ్ఛతే మాకు విషం. అందరూ ఆరోగ్యం కోసం వెతుక్కుంటూ లోపలికి వెళుతున్న గుమ్మం ముందునుంచి మేము పారిపోతున్నట్టుగా నడిచాం.

బూర్గంపాడు: పచ్చిపులుసు

రాత్రి పాల్వంచలో ఉండి, రెండో రోజు మధ్యాహ్నం బూర్గంపాడులో ఆగాం. మెస్ నడిపే ఆమె నా వయసుదే. నన్ను అక్కా అని పిలిచింది. ముందే అన్నీ చెప్పాను. హారికకు పల్లీలు పడవని, చట్నీలో, పొడిలో, కూరలో ఉండకూడదని చెప్పాను. ఆమె శ్రద్ధగా తల ఊపింది. బల్ల మీది పల్లీ పొడి సీసాను మా ఎదుటే తీసి లోపల పెట్టింది. ఏ నూనె అని అడిగితే పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు తెచ్చి చూపింది. చింతకాయ తొక్కును, టమాటా పచ్చడిని నేను పట్టీలతో పరీక్షించాను. రెండూ శుభ్రం. ప్రయాణంలో మొదటిసారి హారిక పళ్ళెంలో బయటి పచ్చడి పడింది.

ఆమె చింతకాయ తొక్కును తిన్న తీరు చూడవలసింది. వేలి కొసతో తాకి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నది. ఈసారి రుచి తానే నాకు చెప్పింది. ముందు పులుపు తలుపు తడుతుందట, తెరిచేలోపల మిరపకాయ వెనుక గుమ్మంలోంచి వచ్చి కూర్చుంటుందట. మేమిద్దరం నవ్వుకున్నాం.

ఆ తరువాత పచ్చిపులుసు వచ్చింది.

మా మధిరలో పచ్చిపులుసు అంటే చింతపండు రసం, కాల్చిన మిరపకాయ, ఉల్లిపాయ, ఉప్పు, కాస్త బెల్లం. అందులో గింజకు చోటు లేదు. కనుక నేను దాన్ని పరీక్షించలేదు. ప్రతి మాటనూ తరిచి చూసే నాకు మా వంటింటి మాటను తరిచి చూడాలని తోచలేదు. హారిక అన్నంలో పోసుకుని రెండు ముద్దలు తిన్నది. మూడో ముద్ద చేతిలో ఉండగానే ఆగిపోయింది.

“పిన్నీ, పెదవి,” అన్నది.

పెదవి అప్పటికే ఉబ్బింది. మెడ మీద దద్దుర్లు పరుచుకుంటున్నాయి. ఆమె దగ్గింది, ఆ దగ్గు తరువాత గొంతు మారింది, ఎవరో దూరం నుంచి ఆమె మాటలు చెబుతున్నట్టు వినిపించింది. ప్రయోగశాలలో రోజూ సీసాలు పట్టే నాకు మందు సీసా మెడ విరవడానికి రెండు ప్రయత్నాలు పట్టాయి. దుస్తుల మీదినుంచే తొడ పక్కన సూది గుచ్చాను. బెంచీ మీద పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాను. మెస్‌లోని వాళ్ళు తింటున్న చేతులతోనే లేచి నిలబడ్డారు. ఎవరో ఆటో పిలిచారు.

మెస్ ఆవిడ నా పక్కన నిలబడి తన చూపుడువేలి కొసను బొటనవేలితో నొక్కి చూపుతున్నది. ఏడుస్తున్నది.

“పల్లీలు నూరి ఇంతనే ఏసిన అక్కా, చిక్కదనానికి. చట్నీ పడదన్నరు, పొడి పడదన్నరు. పులుసు పడదనలె గద.”

ఆమె అన్నది నిజం. నేను అనలేదు.

వంతెన మీద

బూర్గంపాడు నుంచి భద్రాచలం వెళ్ళాలంటే గోదావరి దాటాలి. పెద్ద దవాఖానా అవతలి ఒడ్డునే ఉంది. ఆటో వంతెన ఎక్కినప్పుడు హారిక తల నా ఒళ్ళో ఉంది. ఊపిరి లోపలికి వెళుతున్నప్పుడు సన్నగా ఈల వేస్తున్న చప్పుడు. మందు పని మొదలుపెట్టిందని నాకు తెలుసు. అది కొంతసేపే పనిచేస్తుందని, తరువాత మళ్ళీ ముంచుకురావచ్చని కూడా తెలుసు. తెలిసినవన్నీ భయాన్ని తగ్గించలేదు, దానికి వివరాలు చేర్చాయి. అందరూ నాణెం విసిరి దండం పెట్టుకునే నదిని నేను చూడలేదు. ఆమె గోళ్ళ రంగు చూస్తూ కూర్చున్నాను.

దవాఖానాలో వెంటనే లోపలికి తీసుకున్నారు. సాయంత్రానికి దద్దుర్లు తగ్గాయి. మళ్ళీ రావచ్చని మరునాటి పొద్దుటిదాకా ఉంచుకున్నారు. నర్సు ఒకామె హారిక చేత ఖాళీ సూదిని ఒక బత్తాయిపండుకు గుచ్చి గుచ్చి అభ్యాసం చేయించింది, నన్ను మాత్రం బయటికి పంపించింది. “ఎప్పటికీ మీరుంటరా మేడం?” అన్నది.

అక్కకు చెప్పడానికి ఫోను తీసి, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. ఈ ఉద్యోగం వద్దని చెప్పాలని అప్పటికే నిశ్చయించుకున్నాను. హారిక కూడా నా ముఖం చూసి కనిపెట్టింది. వాదించలేదు. తిరుగు బస్సు ఎక్కేముందు ఒక్క టిఫిన్ సెంటరుకు తీసుకువెళ్ళమని అడిగింది. తినదట, చూస్తుందట.

భద్రాచలం: విడిచిన మనిషి

మూడో రోజు పొద్దున గుడి వీధికి దగ్గరలో ఒక టిఫిన్ సెంటరు గుమ్మంలో నిలబడితే లోపలినుంచి ఎవరో బిడ్డా అని పిలిచారు. బస్సులో కలిసిన జంట. హారిక ముఖంలోని వాపు చూసి ఆమె నిజం తెలుసుకున్నది. పులిహోర మూత గుర్తుకు వచ్చినట్టుంది. హారిక తలను గుండెకు హత్తుకుని చాలాసేపు వదలలేదు.

వాళ్ళ ఎదుట కూర్చున్నాం. ఇక్కడ ప్లేటుకు నాలుగు ఇడ్లీలు, ఖమ్మం ధరకే. వడ్డించే మనిషి పెద్దాయన ముందు పళ్ళెం పెట్టాడు. ఇడ్లీల పక్కన అల్లం చట్నీ గుట్టగా ఉంది. పెద్దాయన పళ్ళేన్ని తాకలేదు. ఒకే ఒక్క మాట అన్నాడు.

“విడిచిన.”

వడ్డించిన మనిషి చప్పున పళ్ళెం వెనక్కి తీసుకున్నాడు. తప్పయిందన్నాడు. చట్నీని పక్కకు తోసి అదే పళ్ళెం ఇవ్వలేదు; ఇడ్లీలతో సహా తీసుకుపోయాడు. చేతులు కడుక్కుని, కొత్త పళ్ళెంలో, వేరే గరిటెతో మళ్ళీ వడ్డించి తెచ్చాడు. కొంచెమైతే ఏం కాదని అనలేదు. ఏరి పక్కన పెట్టమనలేదు. గోలీ మాట ఎత్తలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

ఆయన భార్య చెప్పింది. తనకు ఆపరేషనైనప్పుడు ఆయన గుడి మెట్ల మీద కూర్చుని, ఇక తిననని మొక్కి, అల్లం చట్నీని దేవుడికి విడిచాడు. అంతకుముందు ఆయన ఇడ్లీ తినేదే దాని కోసం.

“ఇష్టమున్నదే విడవాలె అమ్మా,” అన్నాడు పెద్దాయన. “ఇష్టం లేనిది విడిస్తే లెక్కల రాదు. ఇప్పుడు ఈ ఇడ్లీ ఎందుకు తింటున్ననో నాకే తెల్వదు.”

“నా కోసమే గద. తిను,” అన్నది ఆమె.

మొక్కుకు, ఆపరేషను బాగు కావడానికి సంబంధం ఉందా అన్నది నాకు ప్రశ్నే కాదు. లేదని నా అభిప్రాయం, అది మారలేదు. నన్ను కదిలించింది వేరొకటి. వంటిల్లు మన ఊళ్ళ వంటిల్లే, వడ్డించే చేయి అటువంటిదే. ‘పడదు’ అన్నప్పుడు ఆ చేయి బేరం ఆడింది. ‘విడిచిన’ అన్నప్పుడు కడుక్కున్నది.

బయటికి వచ్చాక హారిక నా ముందు నిలబడింది. తిరుగు బస్సు వద్దన్నది, ఆ ఊరి హోటలు ఒక్కటి చూసి నిర్ణయించమన్నది. అక్కడ తాను కూడా ‘విడిచిన’ అనే చెబుతానన్నది. అది అబద్ధమవుతుందన్నాను. నిజం చెప్పినందుకే కదా నిన్న దవాఖానాలో పడుకున్నానన్నది. అబద్ధం మీద ప్రాణాన్ని ఆనించలేమని, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు గుచ్చి అడుగుతారని, అప్పుడు తడబడితే ఆ మాటకు ఉన్న బలమంతా పోతుందని చెప్పాను. నోటికి వచ్చిన చివరి వాదన కూడా వాడాను.

“ఇష్టమున్నదే విడవాలట. విన్నావుగా.”

“ఇష్టం లేదని నీకెవరు చెప్పారు పిన్నీ?”

దుమ్ముగూడెం బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవడానికి వెళ్ళాను.

అడవి అంచున

దుమ్ముగూడెం దాటాక రోడ్డుకు రెండువైపులా చెట్లు దగ్గరపడ్డాయి. అందరూ ఆ పచ్చదనాన్ని మెచ్చుకుంటారు. నేను ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే ఆరిపోవడం చూస్తున్నాను. ఇక్కడ ఆమె గొంతు మూసుకుపోతే ఆటో ఎక్కడినుంచి వస్తుంది, దవాఖానాకు ఎంతసేపు పడుతుంది, మందు ఎంతసేపు పనిచేస్తుంది; ఈ మూడింటినీ కూడి, తీసివేసి చూసుకుంటున్నాను. ఎటు చూసినా కొంచెం తక్కువే వస్తున్నది. దారిలో ఒక వాగు ఉంది. వానాకాలంలో అది ఎట్లా ఉంటుందో ఎవరినీ అడగలేదు, జవాబు వినే ధైర్యం లేక.

హోటలు పేరుకు హోటలు. రేకుల కప్పు, మూడు బల్లలు, వెనుక కట్టెల పొయ్యి. నడిపే ఆవిడ, ఆమె భర్త తమలో తాము అడవి ఊళ్ళ భాషలో మాట్లాడుకుంటున్నారు. మమ్మల్ని చూసి తెలుగులోకి వచ్చారు. బల్ల మీద ఉప్పు డబ్బా, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ చెక్కలు, ఒక గిన్నెలో పల్లీలు వేసి నూరిన ఎర్రకారం. ఆ గిన్నెను చూడగానే నా చేయి సంచిలో దవాఖానావాళ్ళు ఇచ్చిన కొత్త సూది మీదికి వెళ్ళింది.

హారిక కూర్చోలేదు. నిలబడే చెప్పింది. రేపటినుంచి ఇక్కడ పంచాయతీలో పని అని, మధ్యాహ్నం ఇక్కడే తినాలని ఉందని చెప్పి, ఆగి, ఆ మాట అన్నది.

“అమ్మా, నేను పల్లీలు విడిచిన.”

ఆవిడ కారణం అడగలేదు. పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి, మూడు రోజులుగా మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్నలు వరసగా అడిగింది.

“నూనె గూడనా?”

హారిక అవునన్నది.

“పులుసుల ఏసే పొడి గూడనా? ఆ గరిట ముట్టినయి గూడనా?”

అన్నీ అని చెప్పింది హారిక. ఆవిడ రోలు వైపు చూపించి, పొద్దున దాంట్లో పల్లీలు నూరానని, దానిలో నూరినదేదీ పెట్టనని చెప్పింది. బల్ల మీది ఎర్రకారం గిన్నెను తీసి, ఉన్న చోటును నీళ్ళతో తుడిచింది. ఒక గరిటెను, ఒక మూకుడును కడిగి వేరే మేకుకు వేలాడదీసింది.

ముట్టు, అంటు అనే మాటలంటే నాకు సరిపడదు. గిన్నెలు వేరు చేసే ఆచారం ఈ దేశంలో ఎంతమందిని గుమ్మం బయట నిలబెట్టిందో తెలిసినదాన్ని. ఇక్కడ అదే ఆచారం నా బిడ్డను లోపల కూర్చోబెట్టడానికి పనిచేస్తుంటే ఏమనుకోవాలో తెలియక నిలబడ్డాను.

ఆమె రోలు ముట్టకుండా కొత్తగా చేసిన టమాటా పచ్చడిని, పప్పును, పచ్చిపులుసును కూడా, చిక్కగా ఒకసారి, పలచన చేసి ఒకసారి పరీక్షించాను. మిగిలిన పట్టీలన్నీ అయిపోయాయి. ఏ ఒక్కదాని మీదా గీత రాలేదు. అయినా హారిక మొదటి ముద్ద తింటుంటే నేను ఆమె పెదవులనే చూశాను. రెండో ముద్ద, మూడో ముద్ద. ఉల్లిగడ్డ చెక్కను పచ్చడిలో అద్ది కొరికింది. కన్ను కొట్టింది.

అప్పుడే ట్రాక్టరు నడిపే ఒకాయన వచ్చి, తన అన్నం పళ్ళెంలో ఎర్రకారం వేయించుకుని, హారిక పక్కన కూర్చోబోయాడు. ఆవిడ పొయ్యి దగ్గరినుంచే ఆపింది.

“ఆడ కూసోకు. ఆ పిల్ల పల్లీలు విడిచింది.”

ఆయన పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. హారికను ఆసక్తిగా చూశాడు.

“ఎవలికి విడిచినవ్ బిడ్డా?”

నేను భయపడిన ప్రశ్న ఇదే. ఆమె ఏ దేవుడి పేరు చెబుతుందో, ఏ రోజు అని అడుగుతారో, ఎక్కడ తడబడుతుందో అని ఆమె దగ్గరకు జరిగాను. హారిక ముద్ద మింగి, నా వైపు చూపించింది.

“మా పిన్నికి.”

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. “పిన్ని అంటే చిన్నమ్మనా? మనిషికి విడుస్తరా?”

“ఎవలికి విడిస్తే ఏంది,” అన్నది పొయ్యి దగ్గరి ఆవిడ. “విడిచింది గద.”

ఆయన అవ్ అంటూ తల ఊపి, పళ్ళెం తీసుకుని బయటి అరుగు మీద కూర్చున్నాడు. తలుపుకు అడ్డంగా కాకుండా కొంచెం జరిగి మరీ కూర్చున్నాడు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఈసారి హారికను కాదు, నన్ను అడిగింది.

“రేపటిసంది వస్తదా మరి పిల్ల?”

హారిక తినడం ఆపింది. వాగు, సిగ్నల్ లేని ఫోను, నర్సు అడిగిన ప్రశ్న అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. వేరే మేకుకు వేలాడుతున్న గరిటెను చూశాను.

“వస్తుంది,” అన్నాను.